ఆమెన్ రాని హెప్సిబమ్మ

హెప్సిబమ్మ ప్రార్థన మొదలుపెడితే ఆమెన్ రాదు. మా పల్లెలో ఈ సంగతి తెలియని మనిషి లేడు. కొత్తగా కాపురానికొచ్చిన కోడలికి కుళాయి ఎక్కడో, చర్చి ఎక్కడో చూపించాక మూడో మాటగా చెప్పేది ఇదే. "ఆ పచ్చ తలుపు ఇంటావిడ 'ప్రార్థన చేసుకుందామా' అంటే, పొయ్యి మీద ఏమన్నా పెట్టావేమో చూసుకుని అప్పుడు ఊఁ అను."

రెండో సంగతి ఇంకా విడ్డూరం. అంతసేపు ప్రార్థన చేసే మనిషి రెండు కళ్లూ మూసుకోదు. ఎడమ కన్ను మూస్తుంది. కుడి కన్ను తెరిచే ఉంటుంది. అది ఊరుకోదు కూడా, పిల్లల్ని వేసుకు తిరిగే కోడిపెట్ట కన్నులాగా అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది. నోరు పరలోకంలో, కన్ను పల్లెలో.

నేను రూతమ్మను. చదువు రెండో తరగతి, అదీ సగం. కానీ ముప్పై మంది ఆడవాళ్ల కూలి ముఠాకు ఇరవై ఏళ్లు మేస్త్రిగా ఉన్నాను. మిరపకోతలకు మా ముఠా దిగిందంటే చేను శుభ్రంగా దులిపినట్టు ఉండేది. నా నోరు పచ్చిమిరపకాయ అనేవాళ్లు. తప్పు. పచ్చిమిరపకాయ కారం కాసేపటికి తగ్గుతుంది. నాది ఎండు మిరపకాయ. ఈ హెప్సిబమ్మ నాకు వరసకు వదిన. పనిలో నా పక్క సాలు. అందుకని ఆమె ప్రార్థనల బాధ ఊళ్లో అందరికంటే నేనే ఎక్కువ పడ్డాను.

మా అన్న మనవరాలి పెళ్లిలో భోజనాల ముందు ప్రార్థన ఆమెకు అప్పగించారు. అప్పగించినవాడికి బుద్ధి లేదు. పలావు మీద ఆవిరి పోయింది. నెయ్యి గడ్డకట్టింది. హెప్సిబమ్మ ఇంకా పెళ్లికొడుకు మేనత్తల దగ్గరే ఉంది. వాళ్లు ఐదుగురు. పేరు పేరునా వాళ్ల రోగాలు చెప్పి, మందులు చెప్పి, వాళ్ల అల్లుళ్ల దగ్గరికి వచ్చేసరికి పెళ్లికొడుకు ఆకులో ముక్క మీద ఈగ వాలింది. వాడు కళ్లు మూసుకునే చేత్తో తోలుకున్నాడు, పాపం.

ఇంకోసారి పెదకాకాని దగ్గర బస్సు. ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు నేల మీద పెట్టి మొదలుపెట్టింది.

"ఎక్కి చేసుకోమ్మా," అన్నాడు కండక్టరు.

"ఎక్కితే నువ్వు రైట్ అంటావు నాయనా. బయల్దేరినాక ప్రయాణం కోసం ప్రార్థన చేస్తే ఏం లాభం? ముందే చెప్పుకోవాలి."

డ్రైవరు తల బయటకు పెట్టి చూశాడు. లోపల జనం గోల. ఆ గోలలో వెనక నుంచి ఓ ముసలామె మూట నెత్తిన పెట్టుకుని రొప్పుకుంటూ వచ్చింది. ఆమెను ఎక్కించి, వెనకాల తను ఎక్కి, అప్పుడు ఆమెన్ అంది. "నీ వల్ల బస్సంతా మన పల్లెను తిడుతోందే," అన్నాను. "తిట్టనీ వదినా, బస్సు మాత్రం కదిలిందిగా," అంది.

చర్చిలో అయ్యగారు రెండుసార్లు పిలిచి మందలించారు.

"హెప్సిబమ్మా, ప్రార్థనలో ఆ కన్నేమిటి? దేవుడి ముందు మర్యాద ఉండొద్దా?"

"రెండూ మూస్తే నిద్రొస్తుందండి అయ్యగారూ. తెల్లారగట్ట లేచి చేలోకి పోతాం కదండి. ఒకటి కాపలా పెట్టాను."

"మరి అంత పొడుగు ఎందుకు?"

"మనుషులు ఎక్కువమంది ఉన్నారండి."

ఆయన ఆమెను ఆడవాళ్ల కూడికలో ప్రార్థన చెయ్యకుండా ఆపేశారు. అదే ఏడు మా సంఘపెద్ద చర్చికి ఫ్యాను ఇచ్చి, రెక్కల మీద తన పేరు రాయించి, మైకులో పదిహేను నిమిషాలు ప్రార్థన చేస్తే ఆత్మాభిషేకం అన్నారు. ఫ్యాను తిరుగుతుంటే ఆ పేరు కనపడదు. ఆ బాధ కొద్దీ సంఘపెద్ద తను మైకు దగ్గరికి వచ్చే ముందు ఫ్యాను ఆపించేవాడు. చెమటలు కారుతూ ఆయన ప్రార్థన విన్నాం. మైకులో పదిహేను నిమిషాలు భక్తి. మిరపచేలో పదిహేను నిమిషాలు పనిదొంగతనం. హెప్సిబమ్మను పనిదొంగ అన్నవాళ్లలో నేను మొదటిదాన్ని.

మిరపకోత ఎలా ఉంటుందో తినేవాళ్లకు తెలియదు. పొద్దున్నే ఒడి కట్టుకుని సాలులో దిగితే నడుం వంచాల్సిందే. కాయ తొడిమతో సహా తుంచాలి, కొమ్మ విరగకూడదు, ఒడి నిండితే గోనెపట్టా మీద గుమ్మరించి మళ్లీ వంగాలి. ఎండ వీపు మీద, ఘాటు ముక్కులో. సాయంత్రానికి చేతులు ఎంత మండుతాయంటే, అన్నం స్పూనుతో తినాల్సి వచ్చేది. మేము స్పూనుతో తినేది దొరసాని వేషం వెయ్యడానికి కాదు. ఇక నేను మేస్త్రిని. మేస్త్రి నడుం ఎత్తితే ముప్పై నడుములు లేస్తాయి. అందుకని నేను ఎత్తేదాన్ని కాదు. అది నా గొప్ప. ఆసామి వెంకటనారాయణ గారు గట్టు మీద నిలబడి, "రూతమ్మ నడుం ఇనుము," అనేవాడు. ఆ మాటకే పొంగిపోయి ఇంకో సాలు కోసేదాన్ని. బుద్ధి లేని ఇనుము.

మధ్యలో ఎక్కడో హెప్సిబమ్మ గొంతు లేచేది.

"ప్రార్థన చేసుకుందామా!"

వేళా పాళా ఉండేది కాదు. ఒకరోజు పదింటికి, ఒకరోజు పదకొండున్నరకు, భోజనమై మళ్లీ దిగాక ఒకటి, ఒక్కోరోజు రెండు. ముఠాలో సగానికి పైగా మా సంఘంవాళ్లే. దేవుడి పేరెత్తాక వంగి ఉంటే తప్పని అందరూ లేచి నిలబడేవాళ్లు. మిగతావాళ్లు మర్యాదకు నిలబడేవాళ్లు.

"ప్రభువా, ఈ చేను నీది. కాగితాల్లో వెంకటనారాయణ గారిదే అనుకో. ఆయన ఆయిలింజను మొన్నటి నుంచి దగ్గుతా ఉంది, దాని గొంతు బాగుచెయ్యి తండ్రీ. లాల్‌బీ మోకాళ్లు నీకు తెలుసు. ఆమె మన చర్చి కాదుగా అంటావేమో, మోకాళ్లకు చర్చి ఏముంది ప్రభువా..."

లాల్‌బీ మా ముఠాలో మనిషే. తురకపాలెం నుంచి వచ్చేది. ఒక చెయ్యి మోకాలి మీద పెట్టుకుని మెల్లగా నిలబడుతూ నా చెవిలో అనేది, "మాకైతే ఐదు పూటలే అక్కా. ఈమెకు లెక్క లేదా?"

"లెక్క ఉంటే ఈమె ఎందుకవుతుంది? కళ్లు మూసుకో."

నేను మాత్రం గట్టిగా మూసుకునేదాన్ని. రెప్పలు నొప్పి పుట్టేట్టు. నోరు తెరిచి ప్రార్థన చెయ్యడం నాకు రాదు. చదువుకున్నవాళ్లలాగా మాటలు కుదరవు. నలుగురిలో తడబడితే మేస్త్రి పరువు పోతుందని ఎప్పుడూ చెయ్యలేదు. అందుకని నా భక్తంతా రెప్పల్లో చూపించేదాన్ని. పక్కన ఒంటికన్నుతో దిక్కులు చూసే వదిన ఉండబట్టి, నా భక్తి నాకు మరీ గొప్పగా కనపడేది.

వెంకటనారాయణ గారు ఇదంతా ఎందుకు ఊరుకున్నాడంటారా? భయం. నేను చెప్పబోయే కోతకు రెండేళ్ల ముందు ఒకసారి ప్రార్థన మధ్యలో, "చాల్లే ఆపవే!" అని గట్టు మీద నుంచి అరిచాడు. వారం తిరక్కుండా చేనుకు ముడత తెగులు తగిలింది. ఆకులన్నీ గిన్నెల్లా ముడుచుకుపోయాయి. ఆ ఏడు జిల్లా అంతా ముడతే. జిల్లా అంతా ఎవరూ హెప్సిబమ్మను ఆపలేదు. అయినా ఆయన మనసులో గుచ్చుకుపోయింది. ఆ తర్వాత ఆమె గొంతు లేవగానే చెప్పులు విప్పి, భుజం మీద కండువా తీసి చంకలో పెట్టుకుని, చేతి గడియారం చూసుకుంటూ నిలబడేవాడు. ఆమెన్ రాగానే చెప్పులేసుకుని మా అందర్నీ తిట్టేవాడు.

2003 మార్చిలో చివరి కోత. చెట్టు మీద కాయ ఎర్రగా పండి ఎండింది. సరిగ్గా అప్పుడు మబ్బు పట్టింది. వాన పడితే కాయ తెల్లబడి తాలు అయిపోతుంది, మిర్చి యార్డులో తాలు మొహం ఎవడూ చూడడు. వెంకటనారాయణ గారు నన్ను గట్టు మీదకు పిలిచాడు. చేతిలో కొత్తగా కొన్న సెల్‌ఫోను.

"మేస్త్రమ్మా, నాలుగు రోజుల్లో చేను ఖాళీ కావాలి. ఆ అమ్మ నోరు మూయిస్తావా, దర్శి ముఠాకు లారీ పంపమంటావా? ఒక్క ఫోను కొడితే ముప్పై మంది దిగుతారు."

"మీరే చెప్పొచ్చుగా అయ్యా."

"నేనెందుకు చెబుతాను? నాకు చేనుంది."

దర్శి ముఠా ఒకసారి దిగితే ఆ ఆసామి చుట్టుపక్కల చేలన్నీ వాళ్లవే అవుతాయి. ఆ తర్వాత మాకు మళ్లీ పత్తి గింజలు పెట్టేదాకా పని లేదు. ముప్పై ఇళ్లు. నేను తిన్నగా సాలులోకి దిగి అందరి ముందూ అనేశాను.

"ఏమే వదినా, నీ ప్రార్థనలు ఇంట్లో చేసుకో. చేలో నోరు తెరిచావో, రేపటి నుంచి నువ్వు పనిలోకి రావద్దు. దేవుడు కూడా విసుగెత్తి చెవులు మూసుకుని ఉంటాడు ఈపాటికి."

ఎవరో కిసుక్కుమన్నారు. హెప్సిబమ్మ చేతిలో కాయ చేతిలోనే ఉంది.

"మధ్యాన్నం పూట ఒక్కటన్నా, వదినా..."

"ఒక్కటి కూడా వద్దు. ఒక్కటంటే నీకు అర్ధగంట."

"సరే. మేస్త్రివి నువ్వు," అంది. వంగి కోసుకుంది.

ఆ రోజు నోరు తెరవలేదు. మర్నాడూ తెరవలేదు. చేలో తొడిమలు తెగే చప్పుడు తప్ప ఏమీ లేదు. పట్టాల మీద కాయ గుట్టలు పడ్డాయి. వెంకటనారాయణ గారు సంతోషం పట్టలేక గట్టు మీద సెల్‌ఫోనులో ఎవరికో, "మా మేస్త్రి ఇనుమండీ," అని చెబుతున్నాడు. నేను విని ఇంకో సాలు ఎక్కువ పట్టాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, అప్పటిదాకా ఎవరికీ చెప్పనిది. నాకు రెండేళ్లుగా తల తిరుగుడు ఉంది. పది దాటాక కళ్ల ముందు నల్లగా చీమలు పాకినట్టు అయ్యేది, కాళ్లు సడలేవి. ఒడి బిగించుకుని పళ్లు కొరుక్కుని వంగే ఉండేదాన్ని. మేస్త్రి తూలుతోందని తెలిస్తే ఇంకెవరో మేస్త్రి అవుతారు. చిత్రమేమిటంటే, చీమలు ముదిరేవేళకు ఎప్పుడూ ఏదో ఒకటి అడ్డం పడి నడుం ఎత్తే వీలు చిక్కేది. నా అదృష్టం అనుకునేదాన్ని.

ఆ రెండో రోజే పదకొండు గంటలకు చీమలు వచ్చాయి. పోలేదు. చేనంతా మసకబారింది. కొమ్మ పట్టుకుంటే చేతికి అందలేదు. ఏదో ఒకటి అడ్డం పడుతుందని చూస్తున్నాను. ఏది అడ్డం పడేదో అప్పుడు తట్టింది నాకు. పక్క సాలుకు తల తిప్పాను. హెప్సిబమ్మ వంగే ఉంది. వంగి, కుడి కంటితో నన్నే చూస్తోంది. పెదాలు గట్టిగా బిగించుకుని ఉంది. వాటిని బిగించింది నేనే.

ముప్పై మందిలో నా నోటితో నేను అడగాల్సి వచ్చింది.

"వదినా... ప్రార్థన చెయ్యవే."

"నోరు తెరవొద్దన్నావుగా వదినా. పని పోతుంది నాకు," అంది, గట్టిగా, అందరికీ వినపడేట్టు. "నువ్వే మేస్త్రివి. నువ్వు చేస్తే ఎవరు అడ్డం?"

నాకు కోపమొస్తే తిడతాను. ఆమెకు కోపమొస్తే చేసేది ఇదీ. చేసేది లేక లేచి నిలబడ్డాను. నాతో పాటు ముప్పై నడుములు లేచాయి. గట్టు మీద వెంకటనారాయణ గారు చెప్పులు విప్పడం మొదలుపెట్టాడు.

"ప్రభువా," అన్నాను. తర్వాత మాట లేదు. "నేను రూతమ్మను. మేస్త్రిని. నీకు తెలుసనుకుంటా." మళ్లీ మాట లేదు. "ఇక్కడ ఉక్కగా ఉంది."

ఎవరో నవ్వారు.

"నవ్వమాకండే, ప్రార్థనలో ఉన్నాం!" అన్నాను. అని, నవ్విందెవరో పట్టుకుందామని, మేస్త్రి బుద్ధి కదా, కుడి కన్ను తెరిచాను. పుట్టి బుద్ధెరిగాక ప్రార్థనలో కన్ను తెరవడం అదే మొదలు.

లాల్‌బీ రెండు మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, ఒక్కో వెన్నుపూస లేపుకుంటున్నట్టు మెల్లగా నిటారుగా అవుతోంది. మా వెనకింటి కోడలు నడుం వెనక చేతులు పెట్టుకుని నిలబడితే తెలిసింది, కడుపుతో ఉంది. ఆరో నెల ఉంటుంది. నాకు తెలిస్తే పనిలోంచి తీసేస్తానని ఒడి పైకి కట్టి దాచుకుంది. తీసేసేదాన్నే. ఇంకో ఆమె కళ్లు మూసుకునే నీళ్ల సీసా ఎత్తుకుని గటగటా తాగుతోంది. ఒకామె అరిచేతులు గాలికి ఊదుకుంటోంది. ఇరవై ఏళ్లు ఈ ముఠాను నేను నడిపాను. వీళ్లను నేను ఎప్పుడూ చూడలేదు. వంగినప్పుడు వీపులు చూశాను. లేచినప్పుడు కళ్లు మూసుకున్నాను. దానికి భక్తి అని పేరు పెట్టుకున్నాను.

ఇక చాలనుకుని ఆమెన్ అనబోతూ హెప్సిబమ్మ వైపు చూశాను. ఆమె చూపుడు వేలు నడుం దగ్గర గుండ్రంగా తిరుగుతోంది. ఇంకా, ఇంకా.

ఆయిలింజను అందుకున్నాను. దగ్గు సంగతి చెప్పాను. వేలు తిరుగుతూనే ఉంది. దర్శి బస్సు, చీరాల రైలు, వాటి డ్రైవర్లు. వేలు ఆగలేదు. చుట్టూ చూశాను. లాల్‌బీ నిటారుగా ఉంది. కడుపుతో ఉన్న పిల్ల మొహం తేటపడింది. ఇంక ఎవరికోసమే వదినా ఈ తిప్పడం అనుకుంటుంటే చిన్న చప్పుడు వినపడింది. ఎండు కాయలు ఒకదానికొకటి తగిలి గలగలమనే చప్పుడు. నా ఒడిలోంచే వస్తోంది. అందరి ఒడులూ నిశ్శబ్దంగా ఉన్నాయి. వణుకుతున్నది నా కాళ్లొక్కటే.

అయ్యగారి నడుంనొప్పి గురించి చెప్పాను. ఫ్యాను మీద పేరున్న సంఘపెద్ద గురించి కూడా చెప్పాను, కొంచెం ఎక్కువే చెప్పాను. చెబుతుండగా గలగల ఆగింది. వేలు ఆగింది.

"ఆమెన్," అన్నాను.

వెంకటనారాయణ గారు చెప్పులేసుకున్నాడు.

"మేస్త్రమ్మా, నువ్వు కూడానా?"

"నేను కూడానే అయ్యా."

"లారీ పంపుతున్నాను."

"పంపుకోండి," అన్నాను. అంతటి మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో. ముప్పై ఇళ్లవాళ్లు నా వైపు చూశారు. ఒక్కరూ కాదనలేదు, మెచ్చుకోనూ లేదు.

మర్నాడు పొద్దున్నే దర్శి లారీ వచ్చింది. మబ్బు ఇంకా నల్లబడేసరికి ఆసామి భయపడి మమ్మల్ని పొమ్మనలేదు, రెండు ముఠాలనూ దించాడు. లారీలోంచి మనుషులకంటే ముందు బైబిలు సంచులు దిగాయి. వాళ్లూ మా సంఘాలవాళ్లే. అంత దూరం లారీలో నిలబడి వచ్చినవాళ్లు, కాళ్లు వాచి ఉన్నాయి. పదింటికి హెప్సిబమ్మ ఆ కాళ్లు చూసింది.

"ప్రార్థన చేసుకుందామా!"

అరవై మంది లేచి నిలబడ్డారు. హెప్సిబమ్మ జన్మలో అంత పొడుగు ప్రార్థన చెయ్యలేదు. కొత్త ముప్పై మంది, వాళ్ల ఊళ్లు, వాళ్ల అత్తలు. ఈమె ఆమెన్ అన్నదో లేదో, దర్శి మేస్త్రి ఒక పాట ఎత్తుకుంది. వెంకటనారాయణ గారు చెప్పులు విప్పి, కండువా తీసి, గడియారం చూడడం మానేసి గట్టు మీద చతికిలబడ్డాడు.

రెండు రోజుల్లో చేను ఖాళీ అయింది. మూడో రోజు వాన పడింది. కాయ దక్కింది ప్రార్థనల వల్లేనని ఆయన ఊరంతా చెప్పుకున్నాడు. మాకు రావాల్సిన పనిలో సగం దర్శివాళ్లకు పోయింది. ఆ సంగతి ఏ ఊళ్లోనూ చెప్పలేదు. పై ఏడు మొదటి కోతకు హెప్సిబమ్మను ప్రత్యేకంగా పిలిపించాడు, రెండు నిమిషాలకు మించకూడదని షరతు పెట్టి.

ఆ వాన రోజు ఆమె ఇంటికి వెళ్లి అడిగాను.

"పెళ్లిలో పలావు చల్లారబెట్టింది ఎందుకే?"

"చివరి వరసలో మన కూలోళ్లకు ఆకులు పడలేదు వదినా అప్పటికి. ముందు వరసలు తినేస్తే వాళ్లకు అడుగు మాడే మిగిలేది."

"అన్నీ ఇలాంటివేనా? అసలు దేవుడికి చేసిన ప్రార్థన ఒక్కటన్నా ఉందా నీ జన్మలో?"

"అన్నీ ఆయనకే చేశాను," అంది, నొచ్చుకుని. "కాకపోతే ఆమెన్ కొంచెం నిలవ ఉంచాను. ఆయనకేం తొందర వదినా? ఆయనేమన్నా రోజుకూలీయా?"

"ఇన్నేళ్లలో నాకొక్క మాట చెప్పొచ్చుగా!"

"చెబితే మాన్పించేదానివి. నీకు సాయం చేస్తున్నారని తెలిస్తే నువ్వు ఊరుకుంటావా?"

ఊరుకోను. ఆ మాట నిజం. దానికే ఇప్పటికీ మంట.

ఇప్పుడు మా ఇద్దరికీ చేను పని లేదు. మోకాళ్లు ఆమెవి పోయాయి, నడుం నాది పోయింది, ఇనుమైనా సరే. మొన్న ఆదివారం కొత్తగా వచ్చిన అయ్యగారు పొరపాటున నన్ను ప్రార్థన చెయ్యమన్నారు. ఆయనకు పదింటికి ఇంకో ఊళ్లో ఆరాధన ఉందట, గడియారం చూసుకుంటూ అన్నారు. లేచాను. ఎడమ కన్ను మూశాను. కుడి కంటితో చూస్తే, రాత్రంతా కల్లంలో కాయకు కాపలా ఉండి వచ్చిన మగవాళ్లు నలుగురు వెనక గోడకు ఆనుకుని, ఆ కాసేపూ హాయిగా కునుకు తీస్తున్నారు. ఆడవాళ్ల వైపు చూశాను. అక్కడ కూడా ఒక కన్ను తెరిచి ఉంది. నా కన్నూ ఆ కన్నూ కలుసుకున్నాయి.

కొంగు చాటున వేలు గుండ్రంగా తిరుగుతోంది.

నేను ఆయిలింజను దగ్గర మొదలుపెట్టాను.